పడిపోయిన చేతిని కళ్ళు ఎంతకాలం మోస్తాయి?

పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఏ ఇంటికైనా పోండి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఒక మాట వినపడుతూనే ఉంటుంది. "చెయ్యి చూసుకో." గ్లాసు పట్టుకునేటప్పుడు, చొక్కా తొడుక్కునేటప్పుడు, గడప దాటేటప్పుడు, అన్నిటికీ అదే మంత్రం. ఫిజియో చెప్తాడు, నర్సు చెప్తుంది, పలకరించడానికి వచ్చిన చుట్టాలు కూడా కాఫీ తాగి అదే చెప్పి పోతారు. ఆ మాట తప్పని నేను అనను. సగం దూరం వరకు మంచి మాటే. కానీ చూడమని చెప్పేవాళ్ళెవరూ ఎప్పుడు చూడడం మానాలో చెప్పరు. నా గొడవంతా అక్కడే.

నేను డాక్టర్ని కాను. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మా నాయన టైలర్. పాతూరులో చిన్న అంగడి. టవర్ క్లాక్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసిన ఒక తరం మొత్తం తను కుట్టిన ప్యాంట్లే వేసుకునిందని ఆయన చెప్పుకుంటాడు, మేము దాన్ని సగానికి తగ్గించి వింటాం. బీపీ మాత్రలు ఇష్టమొచ్చినప్పుడు వేసుకునే మనిషి. ఒక తెల్లవారుజామున ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. స్కాన్‌లో మెదడు కుడివైపు లోపల, థాలమస్ దగ్గర దెబ్బ కనిపించింది.

ఒంటి నుంచి వచ్చే స్పర్శ సమాచారం మెదడు పైపొరకు చేరేముందు థాలమస్ దగ్గరే మజిలీ చేస్తుంది. చేతులను కదిలించే నరాల దారి దాని పక్కనుంచే కిందికి దిగుతుంది. నాయన విషయంలో ఆ పక్కదారి చాలావరకు కోలుకుంది. కొన్ని నెలల్లో పిడికిలి బిగిసింది, మోచెయ్యి లేచింది. "బలం వచ్చేసింది, ఇంక భయం లేదు" అని ఆస్పత్రిలో భుజం తట్టి పంపించారు.

బలం నిజంగానే వచ్చింది. కానీ ఆ చెయ్యి ఎక్కడుందో ఆయనకు తెలియదు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమంటే కుడిది ఉన్నచోటే ఉంటుంది, ఎడమది మెల్లగా పక్కకు జారిపోతుంది. వేళ్ళు వాటంతట అవే మెలికలు తిరుగుతుంటాయి. ఆ సంగతి ఆయనకు కళ్ళు తెరిచేదాకా తెలియదు. తెరిచి చూసుకుని "ఇదెప్పుడొచ్చె ఇక్కడికి?" అంటాడు. రాత్రి కరెంటు పోతే చేతిలో చెంబు జారిపోయేది. తను పట్టు వదిలినట్టు ఆయనకే తెలిసేది కాదు, కింద పడిన చప్పుడు వింటే తప్ప. ఇంట్లో మేమందరం దాన్ని నీరసమనుకున్నాం. బంధువుల్లో ఒకాయన పావురం రక్తం రాయమన్నాడు. ఆయన గురించి ఇంతకంటే చెప్పను.

దెబ్బ తగలని చేతిని కళ్ళు ఎలా నడుపుతాయో ముందు చెప్పుకోవాలి, లేకపోతే నా వాదన అర్థం కాదు. 1899లో అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా సాదా ప్రయోగం ఒకటి చేశాడు. లయ తప్పకుండా కొట్టే మెట్రోనోమ్ అనే యంత్రం టిక్కులకు తగ్గట్టు పెన్సిలుతో గీతలు గీయాలి, ప్రతి గీతా ముందు గీసినదానంత పొడవే రావాలి. ఒకసారి కళ్ళు తెరిచి, ఒకసారి మూసుకుని. నిదానంగా గీసినప్పుడు కళ్ళు తెరిచి గీసినవి ఎంతో కచ్చితంగా వచ్చాయి. వేగం పెంచేకొద్దీ ఆ తేడా తగ్గుతూ పోయి, నిమిషానికి 140 గీతలు దాటేసరికి తెరిచినా మూసినా ఒకటే అయింది. చూసి సరిదిద్దుకోవడానికి కొంత టైమ్ కావాలి, ఆ టైమ్ దొరకనంత వేగంలో కళ్ళు తెరిచి ఉన్నా ప్రయోజనం లేదు. చేతి కదలికలో మొదట ఒక విసురు, చివర్లో చూపుతో చేసుకునే సర్దుబాటు అని రెండు అంకాలుంటాయని ఆయన తేల్చాడు. ఆ తర్వాతి కాలంలో కొలిచినవాళ్ళు, కంటితో చూసినదాన్ని చేతి సర్దుబాటుగా మార్చడానికి సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడుతుందని చెప్పారు.

సెకనులో నాలుగో వంతు ఏపాటిది అనిపిస్తుంది. కానీ ఆలస్యంగా అందే సమాచారంతో దేన్ని నడిపినా అది ఊగుతుంది. గీజర్ కుళాయి కింద నిలబడినవాళ్ళందరికీ ఇది తెలుసు: చల్లగా ఉందని తిప్పుతాం, వేడి రావడానికి కాసేపు పడుతుంది, ఈలోపల ఇంకా తిప్పుతాం, ఒళ్ళు కాలుతుంది, మళ్ళీ వెనక్కి తిప్పుతాం. నాయన కళ్ళతో చూసుకుంటూ గ్లాసు దగ్గరికి చెయ్యి తీసుకుపోతుంటే అచ్చం అలాగే పోయేది. కొంచెం ముందుకు, ఆగి, కొంచెం పక్కకు, మళ్ళీ ఆగి. "వణుకు వస్తాంది" అనేవాడు. ఆ వణుకు చూపు మీదే మొత్తం భారం వేయడం వల్ల పుట్టింది.

అసలు మామూలు మనిషి తన చెయ్యి తను చూసుకోడు. ఇది వింతగా అనిపిస్తుంది గాని ఈ పూటే వంటింట్లో నిలబడి గమనించండి. ఇంగ్లండులో మైకేల్ లాండ్ అనే ఆయన, టీ పెట్టేవాళ్ళ తలకు కెమెరా తగిలించి చూపు ఎటు పోతోందో రికార్డు చేశాడు, 1999లో. కళ్ళు చేతికంటే సుమారు అర సెకను ముందే తర్వాతి వస్తువు మీదికి దూకుతున్నాయి. చెయ్యి కెటిల్ మూత దగ్గర ఉండగానే చూపు కుళాయి దగ్గరికి పోయి ఉంటుంది. 2001లో స్వీడన్‌లో రోలాండ్ యోహాన్సన్ బృందం ఇంకా దగ్గరగా చూసింది. ఒక కడ్డీ పట్టుకుని, అడ్డు తప్పించి, ఒక మీటను తాకించే పని అది. ఆ పని చేసేవాళ్ళ దృష్టి పట్టుకోవాల్సిన చోటు మీద, అడ్డు మీద, మీట మీద నిలిచింది తప్ప కదులుతున్న తమ చేతి మీద నిలవలేదు. కంటి పని దారి చూపించడం. చెయ్యి ఎక్కడుందన్నది చేతి నరాలు, కండరాలు, కీళ్ళు ఎప్పటికప్పుడు మెదడుకు చెప్పుకుంటాయి.

మా అంగడిలో నేను చిన్నప్పటినుంచి చూస్తున్నది కూడా ఇదే, తెలుసుకోకుండా. మిషన్ మీద కూర్చున్న టైలర్ కన్ను సూదికి అరంగుళం ముందు, గుడ్డ మీది సుద్దగీత మీద ఉంటుంది. ఎడమ చెయ్యి గుడ్డను పరిచి, తిప్పి, లాగి అందిస్తూ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఎడమ చెయ్యి పోయిందంటే టైలర్‌కు ఏం పోయిందో బయటివాళ్ళకు అర్థం కాదు. "కుడి చెయ్యే గదా ముఖ్యం, దేవుడు దాన్ని కాపాడినాడు" అని ఓదార్చిపోయినవాళ్ళెందరో.

ఇక "చెయ్యి చూసుకో" దగ్గరికి వస్తాను. చేతి నుంచి కబురు రానప్పుడు కంటితో చూసి నడపవచ్చు. అది నిజం. దీనికి లోకమంతా చెప్పుకునే ఉదాహరణ ఇయాన్ వాటర్‌మన్. జెర్సీ ద్వీపంలో మాంసం కొట్టులో పనిచేసే కుర్రాడు, 1971లో 19 ఏళ్ళ వయసులో ఒక జబ్బు చేసి, మెడ కింద నుంచి స్పర్శా, అవయవాలు ఎక్కడున్నాయన్న తెలివిడీ పోయాయి. కండరాల బలం పోలేదు. అయినా లేచి కూర్చోలేకపోయాడు. తర్వాత ప్రతి కదలికనూ కళ్ళతో చూస్తూ, ముందే ఆలోచించుకుంటూ, మళ్ళీ కూర్చోవడం, నడవడం, తినడం నేర్చుకున్నాడు. కానీ లైట్లు ఆరిపోతే ఒళ్ళు నిలవక పడిపోయేవాడు. దశాబ్దాలు గడిచినా ఆ పద్ధతి ఆయనకు అలవాటుగా మారి తేలికపడలేదు, ప్రతి అడుగుకూ ధ్యాస పెట్టాల్సిందే.

ఆయన కథ చెప్పి మనవాళ్ళను ఉత్సాహపరచడం నాకు ఇష్టం లేదు. ఆయనకు పోయింది ఒంటి నరాలు. మెదడు చెక్కుచెదరలేదు, పైగా కుర్ర వయసు. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకే. కంటి సమాచారాన్నీ చేతి సమాచారాన్నీ ఒక్కచోట కలిపే యంత్రాంగమే చెడి ఉండొచ్చు. కెనడాలోని కాల్గరీలో జెన్నిఫర్ సెమ్రౌ, షాన్ డుకెలో బృందం దీన్నే పరీక్షించి 2018లో ప్రచురించింది. రోబో ఒకటి రోగి దెబ్బతిన్న చేతిని కదుపుతుంది, రోగి రెండో చేతితో అదే కదలిక చేసి చూపించాలి. మొదట చెయ్యి కనపడకుండా, తర్వాత కనపడేటట్టు. కనపడితే సరిగ్గా చేస్తారని ఎవరైనా అనుకుంటారు. చెయ్యి ఎటు కదులుతోందో తెలిసే జ్ఞానం దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి చెయ్యి కనపడినా పెద్దగా లాభం లేకపోయింది. కాబట్టి "చూస్తా ఉంటే అదే వస్తుంది" అన్న భరోసా అందరికీ చెల్లదు. ఎవరికి చెల్లుతుందో పరీక్షించకుండానే ఆ మాట ఊరంతా పంచేస్తున్నాం.

ఆ పరీక్షకు రోబోలు అక్కర్లేదు. రోగి కళ్ళు మూసుకుంటాడు. అతని జబ్బు చేతిని గాల్లో ఎక్కడో ఒకచోట ఉంచి, రెండో చేతితో ఆ బొటనవేలు పట్టుకోమనాలి. తిన్నగా పోయి పట్టుకుంటే సరే. గాల్లో వెతుక్కుంటే, చెయ్యి పొడవునా తడుముకుంటూ పోతే, అక్కడ లోపం ఉన్నట్టు. మంచం పక్కన అర నిమిషంలో అయ్యే పని. పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు సగం మందికి స్పర్శలోనో, అవయవం ఎక్కడుందో తెలిసే జ్ఞానంలోనో ఏదో లోపం ఉంటుందని పుస్తకాల్లో ఉంది. నాయన డిశ్చార్జ్ కాగితాల్లో పిడికిలి బలం రాశారు, బీపీ రాశారు, ఉప్పు తగ్గించమని రాశారు. బొటనవేలి సంగతి ఎవరూ రాయలేదు.

రాయలేదు గాని, ఒక బంతి ఇచ్చారు. నవ్వు ముఖం వేసిన పసుపుపచ్చ బంతి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని టీవీ చూస్తూ పిసుకుతూ ఉంటే చెయ్యి బాగుపడుతుందని జిల్లా అంతా నమ్మకం. అందులో చెయ్యి చాపి అందుకోవడానికి ఏమీ లేదు, వస్తువు సైజుకు తగ్గట్టు వేళ్ళు తెరవడం లేదు, పట్టుకున్నదేమిటో తెలుసుకునే అవసరమూ లేదు. మామూలుగా మన చెయ్యి వస్తువును చేరకముందే, దారిలోనే, దాని సైజుకంటే కొంచెం ఎక్కువగా విచ్చుకుంటుంది. ఫ్రాన్స్‌లో మార్క్ జానెరో 1980లలో చూపించింది ఇదే. కంటికీ చేతికీ ఉన్న ఒప్పందం ఆ విచ్చుకోవడంలో కనిపిస్తుంది. పక్షవాతం చేతికి ముడుచుకోవడం ఎటూ వస్తుంది, కష్టమంతా విచ్చుకోవడమే. బంతి మాత్రం ముడవడమే నేర్పుతుంది. మా ఇంటి బంతి ఇప్పుడు మా అన్న కొడుకు దగ్గర ఉంది, వాడికి అది బాగా పనికొస్తోంది.

వస్తువు ఎదురుగా ఉంటే చెయ్యి వేరేగా కదులుతుందనడానికి ఆధారాలున్నాయి. ఉత్తుత్తిగా చెయ్యి చాపమన్నప్పటికంటే, నిజంగా ఏదో ఒకటి అందుకోమన్నప్పుడు పక్షవాతం వచ్చినవాళ్ళ కదలిక సాఫీగా ఉంటుందని అమెరికాలో కేథరిన్ ట్రాంబ్లీ తదితరులు 1990ల చివర్లో చూపించారు. 2002లో సూసన్ ఫసోలీ బృందం మరో అడుగు వేసింది. "మోచెయ్యి ఎంత చాపుతున్నారో, మణికట్టు ఎలా ఉందో ధ్యాస పెట్టండి" అని చెప్తే ఒకరకంగా, "ఆ డబ్బా ఎక్కడుంది, ఎంతుంది, ఎంత బరువుంటుంది, దాని మీద ధ్యాస పెట్టండి" అని చెప్తే ఇంకోరకంగా కదిలారు. రెండోదే వేగంగా, గట్టిగా. అంటే, మనం చెయ్యి చూసుకోమని అరిచిన ప్రతిసారీ ఆ మనిషి ధ్యాసను చెంబు మీదనుంచి లాగి చేతి మీద పడేస్తున్నాం.

మరి ఏం చెయ్యాలి? కళ్ళకు గంతలు కట్టాలా? కాదు. ఆస్ట్రేలియాలో లీయాన్ కేరీ అనే ఆమె స్పర్శను మళ్ళీ నేర్పే ఒక పద్ధతి తయారుచేసి, 2011లో 50 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. అందులో నాకు నచ్చింది కళ్ళకు ఇచ్చిన స్థానం. మొదట చూడకుండా తడిమి చెప్పాలి. తర్వాత చూసి సరిచూసుకోవాలి. బాగున్న చేతితో తాకి, అది ఎలా అనిపిస్తుందో పోల్చుకోవాలి. మళ్ళీ కళ్ళు మూసుకుని జబ్బు చేతితో తాకాలి. కన్ను ఇక్కడ పేపరు దిద్దే టీచర్. పరీక్ష మాత్రం చెయ్యే రాయాలి. ఉపాధ్యాయురాలిని కాబట్టి ఈ పద్ధతి చూడగానే ఎక్కేసింది.

ఇంట్లో అంగడి ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. నాయన కుడిచేత్తో గుడ్డ అంచు నలిపి, చూడకుండానే టెరికాటన్, ఖాదీ, పట్టు అని చెప్పగలడు, కాటన్‌లో ఎంత కల్తీ ఉందో కూడా చెప్తానంటాడు. ఎడమచేతికి మొదట అన్నీ ఒకటే. "అంతా గోనెసంచే" అన్నాడు. ఒక సంచిలో కార్డురాయ్ ముక్క, శాటిన్ ముక్క వేసి ఆ రెంటితోనే మొదలుపెట్టాం, తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది కాబట్టి. తర్వాత గుండీలు, బాబిన్‌లు, సుద్దముక్క. సాయంత్రాలు చెనక్కాయలు ఒలవడం. వానలు ఎగ్గొట్టిన ఏడాది కూడా అనంతపురంలో ఏ ఇంట్లోనూ చెనక్కాయలకు కొదవుండదు, ఫిజియో ఫీజు కంటే చవక. పొట్టు పగిలే చిటుక్కుమనే చప్పుడు, వేలికొచ్చే దెబ్బ, లోపల గింజ ఉందో లేదో, అన్నీ కంటికి అవసరం లేకుండా తెలిసేవే. మా అమ్మ ఎదురుగా కూర్చుని "చూడొద్దు, నా మొగం చూడు" అంటుంది. "నీ మొగం చూస్తే ఇంకేం వలుస్తా" అని ఆయన.

వ్యాయామం చేయించేటప్పుడు ఆయన కళ్ళద్దాలు ఎక్కడున్నాయి అన్నది ఇంకో సంగతి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గాని, ఆస్పత్రిలో చేరిన రోజు అద్దాలు, చెప్పులు, వాచీ ఒక కవర్లో పెట్టి ఇంటికి పంపేస్తారు. డెబ్బై ఏళ్ళ మనిషి, దగ్గరచూపు లేని మనిషి, అద్దాలు లేకుండా ట్యూబ్‌లైట్ కూడా సరిగ్గా వెలగని వార్డులో "చూసి పట్టుకో" అంటే ఏం చూస్తాడు? కొందరికి శుక్లాలు కూడా ఉంటాయి. పక్షవాతంతో పాటు చూపులో ఒకవైపు సగం పోయేవాళ్ళు కూడా ఉంటారు. చెయ్యి సరిగ్గా పోవడం లేదంటే ఆ తప్పు చేతిదని ఎలా తేల్చారు? మందుల షాపుకు పోయే ముందు కంటి డాక్టరు దగ్గరికి పొమ్మని నేను అందరికీ చెప్తున్నాను.

నా వాదనకు ఎదురు ఉన్నది కూడా చెప్పాలి. కుడి మెదడు పైపొర, ముఖ్యంగా వెనకభాగం దెబ్బతిన్న కొందరు ఎడమవైపు అనేదే లేనట్టు ఉంటారు. కంచంలో ఎడమసగం అన్నం అలాగే వదిలేస్తారు. గడ్డం ఒకవైపే గీసుకుంటారు. వాళ్ళకు కళ్ళు బాగానే ఉంటాయి, ధ్యాసే అటు పోదు. వాళ్ళను మాత్రం ఎడమకు చూడమని, చెయ్యి చూసుకోమని, విసుగు లేకుండా చెప్తూనే ఉండాలి. నా వ్యాసం చదివి వాళ్ళకు చెప్పడం మానేయకండి. అలాగే పొయ్యి దగ్గర, వేడి సంగటి గిన్నె దగ్గర, కత్తెర దగ్గర ఎవరైనా సరే చూడాల్సిందే. వేడి తెలియని చెయ్యి కాలినా తెలియదు. మా ఇంట్లో పొయ్యి దగ్గర "చూసుకో", చెనక్కాయల దగ్గర "చూడొద్దు". నాయనకు ఈ రెండు చట్టాలు మొదట్లో కోపం తెప్పించాయి.

అద్దం పెట్టి చేయించే వ్యాయామం గురించి చాలామంది అడుగుతున్నారు. బాగున్న చెయ్యి అద్దంలో జబ్బు చెయ్యిలా కనిపించేటట్టు కూర్చోబెట్టి కదిపించడం. వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి తెగిపోయినవాళ్ళ లేని చేతి నొప్పికి మొదలుపెట్టిన ఉపాయం అది, 1999లో పక్షవాతానికి కూడా వాడి చూశారు. తర్వాత జరిగిన చాలా ట్రయల్స్‌ను కలిపి చూసినవాళ్ళు చేతి కదలికకు కొంత మేలు చేస్తుందనే తేల్చారు. ఖర్చు లేదు, చేయించండి. చెయ్యి ఇంకా కదలనివాళ్ళకు మొదలుపెట్టడానికి అదొక దారి. కదులుతున్నా దారి తప్పే మా నాయనలాంటివాళ్ళకు మాత్రం అద్దంలో బొమ్మ చూసినందువల్ల వేలికి గుడ్డ తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో తగాదా మిషన్ గురించి. నాయన మళ్ళీ కుట్టాలని అన్న పట్టుదల. నాది వద్దని. నా కారణం పైన చెప్పినదే: మిషన్ దగ్గర కన్ను సూది ముందు ఉండి తీరాలి, ఒక్క చూపును రెండుచోట్ల పెట్టలేం. ఎడమచేతిని చూసుకోవాల్సినంతకాలం ఆయన కన్ను సూది దగ్గర ఉండదు, సూది దగ్గర ఉంటే వేలు ఎక్కడికి పోయిందో తెలియదు. కరెంటు మోటరు మిషన్ మీద అది ఆటలు కాదు. అన్న ఊరుకోలేదు. అటక మీది పాత కాలి మిషన్ దింపి, నూనె వేసి, సూది ఊడదీసి, దారం లేకుండా, కొత్తగా పని నేర్చుకునే పిల్లలకిచ్చినట్టు రూళ్ళ కాగితాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. కాగితం మీది గీత మిషన్ పాదం కింద తిన్నగా పోతోందా లేదా అన్నదే లెక్క.

ఇది నాకు తోచనందుకు కొంచెం కుళ్ళుకున్నాను, ఎందుకంటే అంతకంటే మంచి పరీక్ష లేదు. కన్ను గీత మీద, ఎడమచెయ్యి దానంతట అది. కాగితం మొదటి సగం తిన్నగానే పోతుంది. చెయ్యి ఎక్కడుందోనని అనుమానం వచ్చి కిందికి చూడగానే గీత పక్కకు పోతుంది. చూడకుండా ఓర్చుకున్న రోజు చివరిదాకా పోతుంది. నాయన మాత్రం పక్కింటివాళ్ళు వస్తే సిగ్గుపడి మిషన్ మీద గుడ్డ కప్పేస్తాడు. "సూది లేని మిషన్ మీద కూచోని కుట్టేది చూస్తే నలుగురేమంటారు" అంటాడు. సూది ఎప్పుడు పెట్టాలన్నది అన్నా నేనూ ఇంకా తేల్చుకోలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలు తడుముకోకుండా పట్టుకునేదాకా వద్దని నేను, దసరాలోపు పెడతానని వాడు.